యుద్ధ విమానాల కామఫ్లాజ్ రంగులు, గుర్తులు: నల్లగొండ, పాలమూరు మోడలర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మన రెండు జిల్లాల్లో ప్లాస్టిక్ కిట్లతో విమానాల చిన్న నమూనాలు (మోడళ్లు) కట్టేవాళ్లు తక్కువే అయినా సందేహాలు మాత్రం తక్కువ కాదు. కిట్ అతికించే పద్ధతి గురించి అడిగేవాళ్లు అరుదు. అందరూ ఆగేది రంగు దగ్గరే, అందులోనూ కామఫ్లాజ్, అంటే శత్రువు కంట పడకుండా వేసే రంగుల దగ్గర. అందుకే ఈ పేజీలో రంగులు, గుర్తుల ప్రశ్నలకే జవాబులు ఇచ్చాను. ఉదాహరణలు ఎక్కువగా భారత వైమానిక దళానివి. ఇతర దేశాల సంగతి అవసరమైనంత వరకే.

కొత్తగా మొదలుపెడుతున్నాను. ముందు ఏ రంగులు కొనాలి?

ముందు రంగులు కొనకండి. ముందు ఒక విమానాన్ని ఎంచుకోండి. "మిగ్-21" అంటే చాలదు. ఏ రకం మిగ్-21, ఏ స్క్వాడ్రన్‌ది, ఏ సంవత్సరంలోది అన్నది తేలాలి. 1966లో వెండిలా మెరిసిన విమానమే 1971 చివరికి ఆకుపచ్చ మచ్చలతో కనిపించవచ్చు, ఆ తర్వాత బూడిద రంగులోకి మారవచ్చు. ఒక్క విమానం, ఒక్క సీరియల్ నంబరు, వీలైతే ఒక్క ఫోటో. ఇది తేలిన తర్వాత కొనవలసిన రంగులు నాలుగైదుకు మించవు. ఇది తేలకుండా ఇరవై డబ్బాలు కొన్నా కావలసిన రంగు ఇరవై ఒకటవది అవుతుంది.

కిట్ డబ్బా మీది బొమ్మను, లోపలి రంగుల సూచికను నమ్మవచ్చా?

పాక్షికంగానే. డబ్బా మీద బొమ్మ అమ్మకం కోసం వేసినది. లోపలి సూచిక తయారీదారు సొంత రంగుల శ్రేణికి కట్టుబడి ఉంటుంది. దగ్గరి రంగు తమ దగ్గర లేకపోతే ఉన్నదాన్నే రాసేస్తారు. భారతీయ గుర్తులు ఇచ్చే విదేశీ కిట్లలో పొరపాట్లు మరీ ఎక్కువ. కాషాయం బదులు ఎర్రటి నారింజ, భారత ఆకుపచ్చ బదులు గడ్డి రంగు కనిపిస్తుంటాయి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బ్రిటిష్ విన్యాసాల బృందం రెడ్ యారోస్ బొమ్మతో దొరికే న్యాట్ కిట్ రెండు సీట్ల శిక్షణ విమానం. 1965లో మనవాళ్లు నడిపింది ఒక్క సీటు ఫైటర్. ఆ కిట్‌కు మన రౌండెల్ (దేశాన్ని తెలిపే గుండ్రటి గుర్తు) అంటించినంత మాత్రాన అది మన న్యాట్ అయిపోదు. సుఖోయ్-27 కిట్‌తో సుఖోయ్-30 ఎంకేఐ చేద్దామనుకునేవాళ్లకూ ఇదే మాట. ఎంకేఐకి రెండు సీట్లు, ముందు వైపు కనార్డ్ అనే చిన్న రెక్కలు ఉంటాయి. రంగు ఎంత బాగా వేసినా ఆకారంలోని తప్పు దాగదు.

భారత రౌండెల్‌లో రంగుల వరుస ఏది? మధ్యలో ఏది రావాలి?

మధ్యలో కాషాయం, దాని చుట్టూ తెలుపు, బయట ఆకుపచ్చ. జెండాలో కాషాయం పైన ఉంటుంది కాబట్టి రౌండెల్‌లోనూ అది బయటే ఉండాలనుకుని తిరగేసేవాళ్లు ఉన్నారు. అది తప్పు. నిలువు తోక మీద ఇవే మూడు రంగులు పట్టీలుగా వస్తాయి, దాన్ని ఫిన్ ఫ్లాష్ అంటారు.

ఈ రౌండెల్ 1950 నుంచి వాడుకలో ఉంది. అంతకు ముందు కథ వేరు. బ్రిటిష్ కాలంలో మన స్క్వాడ్రన్లు రాయల్ ఎయిర్ ఫోర్స్ వారి ఎరుపు, తెలుపు, నీలం గుర్తులనే ధరించాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పోరు ముదిరాక ఆ ఎరుపుతో చిక్కు వచ్చింది. జపాన్ విమానాల గుర్తు ఎర్రటి సూర్యబింబం. గాలిలో రెప్పపాటులో నిర్ణయం తీసుకునే పైలట్‌కు ఎర్ర చుక్క కనిపిస్తే చాలు, తుపాకీ మీట నొక్కేస్తాడు. అందుకని ఎరుపును పూర్తిగా తీసేసి ముదురు నీలం, లేత నీలంతో చిన్న రౌండెల్‌లు వేశారు. దానికి తోడు కామఫ్లాజ్ వేసిన ఫైటర్ల రెక్కల మీద, తోక మీద తెల్లని పట్టీలు, మెరిసే లోహపు విమానాల మీద నల్లని పట్టీలు వచ్చాయి. మన పైలట్లు నడిపిన హరికేన్, స్పిట్‌ఫైర్ చేసేవాళ్లు ఆ యుద్ధకాలపు విమానానికి త్రివర్ణ రౌండెల్ వేస్తే చరిత్ర తలకిందులవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక, 1950కి ముందు, నీలి రంగు అశోక చక్రమే గుర్తుగా ఉన్న రౌండెల్ కొంతకాలం నడిచింది. మోడల్ మీద అందంగా ఉంటుంది, చేసేవాళ్లు తక్కువ. షెల్ఫులో పది త్రివర్ణ రౌండెల్‌ల మధ్య ఒక్క చక్రం ఉంటే చూసేవాళ్లు తప్పక ఆగి అడుగుతారు.

ఆ చక్రం రౌండెల్ విమానాలకు మన ప్రాంతంతో సంబంధం ఉందా?

ఉంది. 1948 సెప్టెంబరు 13న ఆపరేషన్ పోలో, అంటే నిజాం సంస్థానం మీద పోలీసు చర్య, మొదలైనప్పుడు వైమానిక దళం హాకర్ టెంపెస్ట్ ఫైటర్లను వాడింది. విజయవాడ వైపు నుంచి వచ్చిన దళాలు కోదాడ, సూర్యాపేట మీదుగా కదిలాయి. సూర్యాపేట దగ్గర గూర్ఖా సైనికులు ఊళ్లోకి వచ్చే ముందు వైమానిక దాడులు జరిగాయి. నిజాం సేనలు వెనక్కి తగ్గుతూ మూసీ మీది వంతెనను ధ్వంసం చేశాయి. పోలీసు చర్య నాటి ముచ్చట్లు మన ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు, కానీ ఆ విమానం ఏదని అడిగే మనవళ్లు తక్కువ. టెంపెస్ట్ మార్క్ 2 అని చెప్పండి. మార్క్ 5 కిట్ కొనకండి. మార్క్ 5 ముక్కు కింద పెద్ద గడ్డంలా రేడియేటర్ ఉంటుంది. మార్క్ 2కు గుండ్రటి రేడియల్ ఇంజిన్.

హైదరాబాద్ పేరుతో బ్రిటిష్ స్క్వాడ్రన్లు ఉండేవట, నిజమేనా?

నిజమే, ఒకటి కాదు, మూడు. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన విరాళంతో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. ఆ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ చేరింది. ఒక్కొక్క విమానం మీద ఇది నిజాం బహూకరించినదని, హైదరాబాద్ ఫలానా నంబరు అని ఇంగ్లిష్‌లో రాసి ఉండేది. వాటిలో ఒక విమానం ఇప్పటికీ లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. అప్పటి నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా నిజాం జిల్లాలే. ఆ విరాళం వెనుక మన రైతులు కట్టిన శిస్తు కూడా ఉందని నా లెక్క.

రంగు విషయానికి వస్తే, ఆ కాలపు బ్రిటిష్ విమానాలకు పైభాగాన ఖాకీ, గోధుమ, ఆకుపచ్చల మధ్య తూగే పూత ఉండేది. కింద బట్టకు రంగు లేని డోప్ (బట్టను బిగించే పూత) మాత్రమే, అంటే మీగడ రంగు. ఆ ఖాకీ ఆకుపచ్చా, గోధుమా అన్న వాదన మోడలర్లలో ఎన్నటికీ తెగదు. పూత పాతబడే కొద్దీ రంగు మారేది కాబట్టి ఇద్దరిదీ కొంత నిజమే.

రెండో ప్రపంచ యుద్ధంలో 152వ, 253వ స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు ఉంది. 1940లో బ్రిటన్ మీద జరిగిన గగన యుద్ధంలో 152 స్పిట్‌ఫైర్‌లతో, 253 హరికేన్లతో పోరాడాయి. విమానం పక్కన రాసే స్క్వాడ్రన్ కోడ్ అక్షరాలు 152కు యూఎం, 253కు ఎస్‌డబ్ల్యూ. అప్పటి రంగులు పైన ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు, కింద స్కై అనే లేత పచ్చ. 152వ స్క్వాడ్రన్ తర్వాత బర్మాకు వచ్చింది. అక్కడి స్పిట్‌ఫైర్‌ల పక్కన రౌండెల్ మీదుగా దూకుతున్న నల్ల చిరుత బొమ్మ కనిపిస్తుంది. మీ షెల్ఫుకు తెలంగాణ పేరున్న విమానం కావాలంటే నేను చెప్పే మొదటి పేరు ఇదే. స్పిట్‌ఫైర్ కిట్లు సులభంగా దొరుకుతాయి కూడా.

1965 న్యాట్‌కు ఆకుపచ్చ కామఫ్లాజ్ వేశాను. వెండి రంగు వేయాలని స్నేహితుడు అంటున్నాడు. ఎవరిది సరి?

మీ స్నేహితుడిదే. 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ జెట్‌లను ఎదుర్కొన్న న్యాట్‌లు వెండి రంగువి. ఆకుపచ్చ, బూడిద మచ్చల న్యాట్ 1971 నాటిది. మీరు వేసినది పాడు చేయనక్కరలేదు, సీరియల్ నంబరు, పీఠం మీది సంవత్సరం మార్చండి.

1971లో మిగ్-21 కామఫ్లాజ్ ఒక్కో ఫోటోలో ఒక్కోలా ఉంది. ఏది అసలు?

అన్నీ అసలే. మన తొలి మిగ్-21లు పూత లేని లోహపు మెరుపుతో వచ్చాయి. ఎత్తులో శత్రు విమానాలను అడ్డుకోవడం వాటి పని, అక్కడ మెరుపు పెద్ద అడ్డంకి కాదు. 1971 నాటికి అవి నేల మీది లక్ష్యాల మీదికి వెళ్లవలసి వచ్చింది. ఢాకాలో గవర్నర్ భవనం మీద డిసెంబరు 14న దాడి చేసినవాటిలో మిగ్-21లు ఉన్నాయి. రన్‌వే పక్కన ఎండలో తళతళలాడే విమానం పై నుంచి చూసే శత్రువుకు సులువుగా దొరికే గురి. అందువల్ల హడావుడిగా స్క్వాడ్రన్ స్థాయిలోనే ఆకుపచ్చ పూతలు వేశారు. ఫ్యాక్టరీ నమూనా లేదు. ఒక విమానం మీద పెద్ద మచ్చలు, మరొకదాని మీద గీతలు, ఇంకోచోట బ్రష్ జాడలు.

మోడలర్‌కు ఇది వరం. ముందు మొత్తం లోహపు రంగు వేసి, దాని మీద పలచని ఆకుపచ్చ వేయండి. రెక్కల ముందు అంచుల దగ్గర, తరచూ తెరిచే మూతల దగ్గర కొద్దిగా గీకి లోహాన్ని బయటపెట్టండి. ఇక్కడ శుభ్రంగా వేయడమే పొరపాటు. కానీ తప్పనిసరిగా ఫోటో ముందు పెట్టుకోండి. నమూనా లేదు కదా అని ఊహించి వేస్తే చూడగానే తెలిసిపోతుంది.

మిగ్ కాక్‌పిట్ లోపల రష్యన్ తరహా నీలి పచ్చ రంగు, చక్రాల మధ్య భాగం ఆకుపచ్చ. బ్రిటన్ నుంచి వచ్చిన హంటర్ ఫైటర్ కాక్‌పిట్ నలుపు. ఈ రెండూ గుర్తుంటే చాలా కిట్లు గట్టెక్కుతాయి. ఇంకో మాట: ఆ మిగ్‌ల ఎలక్ట్రానిక్ పరికరాలు తయారైనది మన పక్కనే, హైదరాబాద్ బాలానగర్‌లోని హెచ్‌ఏఎల్ విభాగంలో. నాసిక్‌లో విమానం, కోరాపుట్‌లో ఇంజిన్, ఇక్కడ పరికరాలు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు పలికాక ఈ కిట్లు అడిగేవాళ్లు పెరిగారు.

1971లో రాజస్థాన్‌లోని లోంగేవాలా ఎడారిలో కదా హంటర్లు పోరాడింది! మరి వాటికి ఆకుపచ్చ రంగు ఎందుకు?

జైసల్మేర్ నుంచి లేచిన ఆ హంటర్లు ముదురు ఆకుపచ్చ, ముదురు సముద్ర బూడిద రంగుల్లోనే ఇసుక మీద ఎగిరాయి. హంటర్లు 1957 నుంచి బ్రిటన్ తరహా రంగులతో మన దళంలోకి వచ్చాయి. ఆ రంగులు యూరప్ పొలాల కోసం తయారైనవి. ఎడారికి వేరే రంగులు లేవా అంటే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ విమానాలకు మట్టి రంగు, ఇసుక రంగు, కింద ఆకాశనీలం వేసేవారు. కానీ ఈ రోజు పంజాబ్, రేపు రాజస్థాన్ వెళ్లే విమానానికి ప్రతిసారీ రంగు మార్చరు. మోడల్‌కు ఇసుక రంగు అయితే బాగుంటుందని అనిపించవచ్చు. బాగుండటం వేరు, నిజం వేరు.

పైన ముదురు, కింద లేత. ఇదెందుకు?

పై నుంచి చూసేవాడికి విమానం నేలలో కలిసిపోవాలి, కింది నుంచి చూసేవాడికి ఆకాశంలో. పైగా వెలుతురు పై నుంచి పడి కింది భాగం నీడలో నల్లబడుతుంది. లేత రంగు ఆ నీడను తగ్గిస్తుంది. జింకకు పొట్ట తెల్లగా ఉండేది కూడా ఇందుకే. రెండు రంగుల మచ్చల పని వేరు, అవి ఆకారపు గీతను ముక్కలు చేస్తాయి. క్షిపణులు, రాడార్‌ల కాలంలో పోరు దూరానికి, ఎత్తుకు మారాక బూడిద రంగులు వచ్చాయి. మన మిగ్-29, సుఖోయ్-30 ఎంకేఐ, తేజస్ అన్నీ ఆ కోవలోవే.

శిక్షణ విమానం సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. దుండిగల్ వైపు ఎగిరే పిలాటస్ తెలుపు, ఎరుపుల్లో ఉంటుంది. నేర్చుకుంటున్న కుర్రవాడు ఎక్కడున్నాడో అందరికీ కనిపించాలి. బీదర్ కేంద్రంగా ఉన్న సూర్యకిరణ్ బృందం హాక్‌లూ ఎరుపు, తెలుపులే. కామఫ్లాజ్ అంటే భయపడేవాళ్లు వీటితో మొదలుపెట్టవచ్చు. అయితే తెలుపు సమంగా వేయడం ఆకుపచ్చ వేయడం కంటే కష్టమని ముందే చెబుతున్నాను.

రంగులకు ఇచ్చే బి.ఎస్., ఎఫ్.ఎస్. అనే నంబర్లు ఏమిటి?

బి.ఎస్. 381సి బ్రిటిష్ ప్రమాణం. అందులో 641 ముదురు ఆకుపచ్చ, 638 ముదురు సముద్ర బూడిద, 637 మధ్యస్థ సముద్ర బూడిద. హంటర్, జాగ్వార్ చేసేవాళ్లకు మొదటి రెండూ రోజూ కావాలి. మిస్టర్ హాబీ పెయింట్ శ్రేణిలో ఇవి వరుసగా హెచ్ 330, 331, 335. హంబ్రోల్‌లో 163 ముదురు ఆకుపచ్చ, 164 ముదురు సముద్ర బూడిద.

ఎఫ్.ఎస్. 595 అమెరికా ప్రమాణం. అయిదు అంకెలు, వాటిలో మొదటిది మెరుపు చెబుతుంది: 1 అయితే నిగనిగ, 2 అయితే సగం మెరుపు, 3 అయితే మెరుపు లేనిది. రెండో అంకె రంగు కుటుంబం: 0 గోధుమ, 1 ఎరుపు, 4 ఆకుపచ్చ, 5 నీలం, 6 బూడిద. కాబట్టి 36375 అని కనిపిస్తే పుస్తకం తెరవకుండానే అది మెరుపు లేని బూడిద అని తెలుస్తుంది. వియత్నాం కాలపు అమెరికన్ విమానాల 30219, 34102, 34079 కూడా ఇలా చదివితే సులువే. మిగతా మూడు అంకెలకు అర్థం వెతకకండి.

నా మాట ఏమిటంటే, నంబరు దగ్గర మొదలుపెట్టండి, నంబరు దగ్గరే ఆగకండి. కొత్త డబ్బాలోని రంగుకూ, అయిదేళ్లు రాజస్థాన్ ఎండలో నిలిచిన విమానం రంగుకూ పోలిక తక్కువ.

సరైన నంబరే వేశాను. అయినా మోడల్ మరీ నల్లగా ఉంది.

చిన్న వస్తువు మీద అదే రంగు ముదురుగా కనిపిస్తుంది. పెద్ద విమానాన్ని దూరం నుంచి చూసినప్పుడు మధ్యలోని గాలి రంగును కొద్దిగా పాలిపోయేలా చేస్తుంది. మోడల్ కంటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ పని మనమే చేయాలి. 1/72 (అసలులో 72వ వంతు సైజు) మోడల్‌కు సుమారు 15 శాతం, 1/48కి 10 శాతం తెలుపు లేదా లేత బూడిద కలపడం మోడలర్ల వాడుక. నలుపుకు బదులు చాలా ముదురు బూడిద వాడండి. ఎండకు వెలిసిన ప్రభావం కూడా వేయదలిస్తే రెండింటికీ విడివిడిగా తెలుపు కలపకండి, విమానం సున్నం కొట్టినట్టు అవుతుంది.

రంగుల అంచులకూ ఇదే లెక్క. అసలు విమానం మీద రెండు అంగుళాల మెత్తని అంచు 1/72లో ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. అయిదు మిల్లీమీటర్ల పొగ అంచు వేస్తే అది బొమ్మ విమానమే. 1944 నార్మండీ దాడి నాటి నలుపు తెలుపు పట్టీలు ఒంటి ఇంజిన్ విమానం మీద ఒక్కొక్కటి 18 అంగుళాలు. 1/72లో 6.35 మిల్లీమీటర్లు. కొలిచే స్కేలు దగ్గర పెట్టుకుని పని చేయండి.

కార్లకు రంగు వేసే షాపులో దొరికే స్ప్రే డబ్బాలు వాడవచ్చా?

బూడిద ప్రైమర్ డబ్బా వాడవచ్చు, దూరం నుంచి పలచగా వేయాలి. కలిపి ఇచ్చే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింట్, ఎన్.సి. థిన్నర్ మాత్రం ముందు కిట్ ఫ్రేమ్ ముక్క మీద పరీక్షించండి. దట్టంగా పడితే ప్లాస్టిక్ కరిగి ముడతలు పడుతుంది. ఆ షాపుల్లో నిజంగా పనికొచ్చేవి వేరే ఉన్నాయి: 1000, 1500 నంబర్ల వాటర్ పేపరు, సన్నని మాస్కింగ్ టేపు, పాలిష్. బూడిద రంగు కలపగల అనుభవజ్ఞుడు దొరికితే ఫోటో కాదు, రంగు వేసిన ముక్క చూపించండి. ఫోన్ తెరను చూసి ఎవరూ రంగు కలపలేరు.

మే నెలలో రంగు ఇసుకలా పడుతోంది. వానాకాలంలో వార్నిష్ తెల్లబడుతోంది. ఏం చేయాలి?

నల్లగొండలో 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్ (గాలి పీడనంతో రంగు చిమ్మే పరికరం) నుంచి బయలుదేరిన రంగు ప్లాస్టిక్‌ను తాకేలోపే ఆరిపోతుంది. తెల్లవారుజామునే వేయండి, రంగు ఆలస్యంగా ఆరేలా చేసే రిటార్డర్ కొద్దిగా కలపండి, పీడనం చదరపు అంగుళానికి 15 పౌండ్ల దగ్గర ఉంచి దగ్గరగా వేయండి. కూలర్ ఎదురుగా మాత్రం కూర్చోవద్దు, తేమ, దుమ్ము రెండూ వచ్చి పడతాయి.

వానాకాలంలో తెల్లబడటానికి గాలిలోని తేమే కారణం. ముసురు పట్టిన రోజుల్లో మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్, లాకర్ పెయింట్ జోలికి పోకండి. ఆ రోజుల్లో డెకాల్స్ (నీటిలో నానబెట్టి అంటించే గుర్తులు) కత్తిరించుకోండి, కాక్‌పిట్ బ్రష్‌తో వేసుకోండి.

డెకాల్స్ చుట్టూ తెల్లని మరకలు వస్తున్నాయి.

రెండు కారణాలు. మ్యాట్ రంగు మీద నేరుగా అంటిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. ముందు నిగనిగలాడే క్లియర్ కోటు వేయాలి. రెండోది మన నీళ్లు. ఫ్లోరైడ్ సంగతి దేశమంతా తెలిసినదే, దానికి తోడు బోరు నీటిలో ఉప్పులు ఎక్కువ. ఆ నీటిలో నానబెట్టిన డెకాల్ ఆరాక అంచున తెల్ల గీత మిగులుతుంది. బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఒక్క సీసా చాలాకాలం వస్తుంది.

భారతీయ సీరియల్ నంబర్లు దొరకడం లేదు. సొంతంగా చేయవచ్చా?

చేయవచ్చు. ముందు అక్షరాలు సరిచూసుకోండి. విమానం రకాన్ని బట్టి ముందు అక్షరాలు మారతాయి: హంటర్ బీఏ, న్యాట్ ఐఈ, మిగ్-21 సీ, అదే ఆధునికీకరించిన బైసన్ అయితే సీయూ, మిగ్-29 కేబీ, మిరాజ్ కేఎఫ్, జాగ్వార్ జేఎస్, సుఖోయ్-30 ఎస్‌బీ, తేజస్ ఎల్ఏ. రఫేల్ రెండు సీట్లది ఆర్‌బీ, ఒక్క సీటుది బీఎస్. ఇవి ఇద్దరు మాజీ వైమానిక దళాధిపతులు భదౌరియా, ధనోవా పేర్ల నుంచి వచ్చాయి.

నల్ల అంకెలను డెకాల్ కాగితం మీద లేజర్ ప్రింట్ తీయవచ్చు. ఇంటి ప్రింటర్‌లో తెలుపు ఉండదు కాబట్టి రౌండెల్‌కు తెల్ల డెకాల్ కాగితం కావాలి. నా సలహా ఇంకొకటి. బండ్ల నంబరు ప్లేట్లకు స్టిక్కర్లు కోసే రేడియం షాపుకు వెళ్లి మూడు వలయాల మాస్కు కోయించుకోండి. 1/48 రౌండెల్‌లు హాయిగా వస్తాయి. 1/72లో చిన్నవి చిరుగుతాయి, వాటికి డెకాల్సే మేలు. రంగు వేస్తే కాషాయం మీ చేతిలో ఉంటుంది, అచ్చు వేసిన నారింజతో రాజీ పడనక్కరలేదు.

అసలు విమానాలను దగ్గరగా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

మహబూబ్‌నగర్ వాళ్లకు బెంగళూరు రైలు ఎదుటే ఉంది, అక్కడి హెచ్‌ఏఎల్ మ్యూజియంలో మన దేశంలోనే తయారైన మారుత్ ఫైటర్ సహా మన విమానాలు చూడవచ్చు. నల్లగొండ వాళ్లకు విశాఖ దగ్గర, సముద్రతీరంలో నౌకాదళపు టీయూ-142 నిఘా విమానం నిలిపి ఉంది. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియం అన్నిటికంటే మేలు. బేగంపేటలో రెండేళ్లకోసారి జరిగే ప్రదర్శన ప్రధానంగా పౌర విమానాలది.

ఒక్క హెచ్చరిక. ప్రదర్శనకు పెట్టిన విమానం ఆకారానికి సాక్ష్యం, రంగుకు కాదు. కూడళ్లలో దిమ్మెల మీద నిలిపిన వాటికి గోడలకు వేసే నిగనిగల ఎనామెల్ పూస్తారు, రౌండెల్ కొలతలు కూడా మారిపోతాయి. రివెట్లు, మూతలు, చక్రాల గుంటలు ఫోటో తీసుకోండి. రంగుకు మాత్రం సర్వీసులో ఉన్నప్పటి ఫోటోలే చూడండి.

హకీంపేట, దుండిగల్ గోడ పక్కన నిలబడి ఫోటోలు తీయవచ్చా?

వద్దు. వైమానిక స్థావరాలు నిషిద్ధ ప్రాంతాలు, అక్కడ ఫోటోలు తీయడం నేరం. మోడల్ కోసమని చెప్పినా కాపలా వాళ్లు వినరు, వినకూడదు కూడా. రక్షణ శాఖ విడుదల చేసే ఫోటోలు, రిపబ్లిక్ డే, ఎయిర్ ఫోర్స్ డే విన్యాసాల ఫోటోలు కావలసినన్ని దొరుకుతాయి. వాటిలో సీరియల్ నంబరు చదవగలిగినవి, రెండు పక్కలా కనిపించేవి వెతికి, విమానం పేరుతో, తేదీతో దాచుకోండి.